ఉప్పు మీద పడ్డ నింద

మా వీధిలో ఆయన్ని అందరూ తుపాకీ బాబాయి అనేవాళ్ళు. నాకు మాత్రం నిజంగానే బాబాయి, మా పిన్ని భర్త. భుజాన ఒంటి గొట్టం తుపాకీ తగిలించుకుని బ్యాంకు గుమ్మం దగ్గర నిలబడటం ఆయన ఉద్యోగం. ఆ తుపాకీ ఆయన చేతిలో ఒక్కసారి కూడా పేలలేదు. చిన్నప్పుడు మేం "బాబాయ్, దొంగలొస్తే కాల్చేస్తావా?" అని అడిగితే, "ముందు మీ పిన్నిని అడగాలి. ఆవిడ పర్మిషన్ లేనిదే నేను తుమ్మను కూడా" అనేవాడు. లోపల్నించి పిన్ని అందుకునేది: "ఆఁ, అన్నీ నన్నడిగే చేస్తున్నారు మరి!"

నిజానికి అడిగే చేసేవాడు. ఆవిడకి చెప్పకుండా చేసిన పని ఒక్కటే ఒక్కటి. ఇదంతా దాని గురించే.

మొదటిసారి ఆయన ఆసుపత్రిలో పడ్డప్పుడు మాకెవరికీ ఏమీ తెలియదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే వయసనుకున్నాం. బూట్లు బిగుతయ్యాయంటే బూట్లే పాడయ్యాయనుకున్నాం. పడుకుంటే ఊపిరాడటం లేదని దిండు మీద దిండు వేసుకుని, చివరికి కుర్చీలో కూర్చునే నిద్రపోవడం మొదలుపెట్టాక పిన్ని భయపడి తీసుకెళ్ళింది. పెద్ద డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. గుండె ఆగిపోలేదు, కానీ నీరసపడింది. తోడాల్సినంత తోడలేకపోతోంది. అందుకని ఒంట్లో నీరు మిగిలిపోయి ముందు కాళ్ళలోకి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి చేరుతోంది. సూదిమందు ఇస్తే బాబాయి కాళ్ళు మళ్ళీ మామూలుగా సన్నబడ్డాయి. ఇంటికి పంపేటప్పుడు గట్టిగా చెప్పారు. ఉప్పు బాగా తగ్గించాలి. రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి. పొద్దున ఈ మాత్రలన్నీ వేసుకోవాలి, ముఖ్యంగా నీరు తీసే ఈ తెల్ల మాత్ర.

మా పిన్నికి ఒక పని అప్పజెబితే ఇక అంతే. దర్జీ షాపులకి కాజాలు, గుండీలు కుట్టిపెట్టే మనిషి. ఒక కాజా వంకర పోయిందంటే ఎవరూ అడక్కుండానే విప్పి మళ్ళీ కుట్టే రకం. ఆ రోజు ఇంటికి రాగానే ఉప్పు డబ్బా తీసుకెళ్ళి పక్కింటావిడ చేతిలో పెట్టేసింది. "ఆయనకి విడిగా, నాకు విడిగా వండుకుంటే ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి జారుద్ది" అని తను కూడా మానేసింది. నేనోసారి అక్కడ భోంచేసి, "పిన్నీ, ఇది కూరా, కడిగిన నీళ్ళా?" అన్నాను.

"తింటే తిను, లేదంటే మీ అమ్మ దగ్గరికి పో. ఈ ఇంట్లో ఇంతే."

బాబాయి మాత్రం కిక్కురుమనకుండా తినేవాడు. "బాగుందా?" అంటే "గడ్డి కన్నా నయం" అనేవాడు. ఆవిడ గరిటె ఎత్తేది, ఆయన తల వంచేవాడు, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

నెల తిరక్కుండానే కాళ్ళు మళ్ళీ వాచాయి. మళ్ళీ ఆసుపత్రి. మళ్ళీ సూదిమందు. ఈసారి డాక్టరు తెల్ల మాత్ర మోతాదు పెంచాడు. కొన్ని వారాలు గడిచాయో లేదో, మూడోసారి.

ఆ మూడోసారి నేను అక్కడే ఉన్నాను. డాక్టరు పిన్నిని మంచం పక్కనే నిలబెట్టి, వార్డంతా వినపడేలా అడిగాడు.

"ఏమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి మీకు? ఇంత మోతాదు వేసినా నీరు చేరుతోందంటే ఉప్పు తింటున్నాడనే కదా?"

"లేదు సార్. మా ఇంట్లో ఉప్పు అనేదే లేదు సార్."

"అందరూ ఇదే చెప్తారు. వచ్చిన ప్రతిసారీ ఆ గుండె ఇంకాస్త దెబ్బతింటుంది, తెలుస్తోందా? మీ చేతులారా చేస్తున్నారు."

బాబాయి చెల్లెలు అప్పుడే పళ్ళు పట్టుకుని లోపలికొచ్చింది. ఆ మాట చెవిన పడింది. ఇంకేం, దొరికింది సందు. "నేనెప్పుడో అనుకున్నా వదినా. కొంతమంది నాలుక చంపుకోలేరు. మా అన్నయ్య నోట్లో నాలుక లేని మనిషి, పెట్టింది తింటాడు."

పిన్ని బాబాయి వైపు చూసింది. ఆయన తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆయాసం అనుకున్నాను. పిన్ని కూడా అలాగే అనుకుని దుప్పటి సర్దింది.

ఇంటికొచ్చాక పిన్నికి అనుమానం మొదలైంది. తను వెయ్యలేదు. మరి నీరెలా చేరుతోంది? ఈయనే బయట తింటున్నాడు! డ్యూటీలో టీ కొట్టు దగ్గర ఏవో ఉప్పు బిస్కెట్లు నములుతుంటాడు, ఇంటికొచ్చి అమాయకుడిలా కూర్చుంటాడు. అడిగితే "నీ మీద ఒట్టు, ముట్టలేదు" అన్నాడు. ఆవిడ నమ్మలేదు. ఒకే ఇంట్లో ఉంటూ ఆవిడ ఆయన నోటి వైపు అనుమానంగా చూస్తూ, ఆయన కళ్ళు తప్పిస్తూ బతికారు ఆ రోజుల్లో. ఆ ఇంటికి వెళ్ళాలంటేనే నాకు బరువుగా ఉండేది.

బ్యాంకుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల, పిన్ని పనిచేసిపెట్టే దర్జీ షాపు ఉంది. ఒకరోజు "నువ్వూ రా, ఒకరికి ఇద్దరం చూస్తాం" అని నన్నూ లాక్కెళ్ళింది. కుట్టాల్సిన చొక్కాలు ఒళ్ళో వేసుకుని అద్దం వెనక స్టూలు మీద కూర్చుంది. చేతులు కాజా కుడుతున్నాయి, కళ్ళు బ్యాంకు గుమ్మం మీద ఉన్నాయి. దొంగని పట్టుకోవాలని వచ్చినట్టే ఉంది వాలకం.

పొద్దున్నించి మధ్యాహ్నం దాకా చూశాం. బాబాయి కదల్లేదు. వచ్చేవాళ్ళకి తలుపు తీస్తున్నాడు, ముసలివాళ్ళకి మెట్టు చూపిస్తున్నాడు. అప్పుడప్పుడూ బరువు ఈ కాలు మీంచి ఆ కాలు మీదికి మార్చుకుంటున్నాడు. పిన్ని కట్టిచ్చిన డబ్బా గుమ్మం పక్కనే నిలబడి తిన్నాడు. టీ కుర్రాడు వస్తే చెయ్యి అడ్డం ఊపాడు.

దర్జీ కత్తెర పక్కన పెట్టి నవ్వాడు. "ఏంటమ్మా, మొగుణ్ణి కాపలా కాస్తున్నారా? ఆయనే కాపలా మనిషి కదా!"

"బయట ఏమన్నా తింటాడా అన్నా? నిజం చెప్పు, నేనేమీ అనుకోను."

"తినడమా? మా షాపులో బొమ్మకి చొక్కా తొడిగి నిలబెట్టానే, అదన్నా ఫ్యాను గాలికి కాస్త ఊగుద్ది. మీ ఆయన ఊగడు కూడా. టీ పంపిస్తే వద్దంటాడు. మంచినీళ్ళు కూడా ముట్టుకోడు."

"నీళ్ళు కూడానా?"

"తాగితే బాత్రూంకి వెళ్ళాలి కదమ్మా. ఎలా వెళ్తాడు? తుపాకీ ఎవడు పట్టుకుంటాడు? ఇదివరకు ఇద్దరుండేవాళ్ళు, ఒకడు పట్టుకుంటే ఒకడు వెళ్ళొచ్చేవాడు. రెండోవాణ్ణి తీసేశారుగా. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా ఆ గుమ్మమే."

పిన్ని సూది ఆగిపోయింది.

ఎందుకాగిందో నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు. ఆదివారాలు ఇంట్లో ఉన్నప్పుడు బాబాయి తెల్ల మాత్ర వేసుకుంటే కుదురుగా కూర్చోలేకపోయేవాడు. వచ్చి కూర్చునేలోపే మళ్ళీ లేచేవాడు. "బాత్రూంలోనే మంచం వేయించమంటారా?" అని పిన్ని ఏడిపించేది. మరి రోజూ పొద్దున అదే మాత్ర వేసుకుని వచ్చిన మనిషి ఇక్కడ సాయంత్రం దాకా ఎలా నిలబడతాడు?

నిలబడలేడు. వేసుకోవడం లేదు.

రోజూ పొద్దున ఆవిడ మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చేది. "ఇప్పుడే తిన్నానుగా, బస్సెక్కాక వేసుకుంటా" అని జేబులో పెట్టుకునేవాడు. మిగతావన్నీ వేసుకునేవాడు. తెల్లది మాత్రం దారిలో కాలవలోకి, అని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పాడు. మేజోడు అంచు కాలి మీద గాడిలా దిగి ఉంది. పిన్ని ఆ గాడి మీద వేలు పెట్టి నొక్కింది. పెట్టిన చోట గుంట అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళ నించి?" అంది.

దేని గురించో ఆయన అడగలేదు. "రెండో వాణ్ణి తీసేసినప్పట్నించి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు డాక్టరుకి చెప్తావు. ఆయన పనికిరాడని రాస్తాడు. తుపాకీ లాగేసుకుంటారు. తర్వాత నేనెవర్ని? ఇంట్లో కూర్చుని నీ గుండీలకి దారం ఎక్కించనా?"

"మేనేజర్ని అడగొచ్చుగా, ఒక్క ఐదు నిమిషాలు..."

"ఒకసారి తుపాకీ గోడకి ఆనించి వెళ్ళాను. వచ్చేసరికి అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. ఈ వయసులో ఉచ్చకి వెళ్తానని చెయ్యెత్తి అడగనా చిన్న పిల్లాడిలా?"

పిన్ని బూట్లు తీసి పక్కన పెట్టింది. తర్వాత, అరవకుండా అంది. "నన్ను వార్డు మధ్యలో నిలబెట్టి కడిగారు. మీ చెల్లెలు నోటికొచ్చింది అంది. మీరు విన్నారు. విని అటు తిరిగి పడుకున్నారు."

ఆయన గుంట పడ్డ కాలినే చూస్తూ కూర్చున్నాడు. అలా ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. అన్నం పెట్టేది, మాత్ర చేతిలో పెట్టి మింగేదాకా ఎదురుగా నిలబడేది. మాట మాత్రం లేదు.

తర్వాత చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళేసరికి అక్కడ కొత్తగా ఒక నర్సును పెట్టారు. గుండె నీరసపడ్డవాళ్ళు ఇంటికెళ్ళాక మళ్ళీ మళ్ళీ ఎందుకు తిరిగొస్తున్నారో కనిపెట్టడమే ఆవిడ పని. అందరూ గుండె సిస్టర్ అంటారు. పిన్ని ఆవిడకి జరిగిందంతా చెప్పేసింది. సిస్టర్ తిట్టలేదు, ఆశ్చర్యపోలేదు కూడా.

"పొద్దునే వేసుకోవాలని ఏముంది అంకుల్? డ్యూటీ దిగి ఇంటికొచ్చి వేసుకోండి. పడుకునే టైముకి దాని పని అయిపోతుంది."

బాబాయి ఆవిడ వంక వెర్రివాడిలా చూశాడు. "అంతేనా అమ్మా?"

"అంతే అంకుల్."

అంతే! మూడుసార్లు ఆసుపత్రి, సూదులు, తిట్లు, ఏడుపులు, ఇంట్లో మాటల్లేకపోవడం. ఒక్కరు, ఒక్కసారి, "మీరు ఏం పని చేస్తారు? అక్కడ బాత్రూంకి వెళ్ళే వీలుందా?" అని అడిగుంటే సరిపోయేది. ఈయన సిగ్గు విడిచి చెప్పినా సరిపోయేది. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాత్ర వేసుకుంటుంటే, దయచేసి ఈ పూటే అడగండి. బస్సు నడిపేవాళ్ళూ, కౌంటర్లో కూర్చునేవాళ్ళూ, బడిలో పాఠం మధ్యలో లేవలేని టీచర్లూ, ఎంతమంది ఆ మాత్రని కాలవలో పారేస్తున్నారో ఎవరికి తెలుసు? సొంతంగా టైము మార్చేయకండి, మానేయకండి. వెళ్ళి చెప్పండి. చెప్తే మారుస్తారు. ఇప్పుడు ఆ ఆసుపత్రిలో ప్రతి రోగినీ ఆ ప్రశ్న అడుగుతున్నారు. మళ్ళీ తిరిగొచ్చేవాళ్ళు తగ్గారని సిస్టరే చెప్పింది.

బాబాయికి మాత్రం ఆలస్యమైపోయింది. సాయంత్రం మాత్రతో కాళ్ళ వాపు దిగింది, కుర్చీలోంచి మంచం మీదికి వచ్చి పడుకోగలిగాడు, కొన్ని నెలలు ఆసుపత్రి మొహం చూడలేదు. కానీ పెద్ద డాక్టరు అన్న మాట నిజమే, వచ్చిన ప్రతిసారీ గుండెలో ఇంత పోతుంది. పోయింది తిరిగి రాలేదు. గుమ్మం దగ్గర నిలబడే ఓపిక తగ్గింది. ఒక మధ్యాహ్నం తలుపు తీస్తూ తూలిపడ్డాడు. మర్నాడు తుపాకీ తీసేసుకున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదట, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ తీసుకున్నారట. అదే ఆయనకి ఎక్కువ బాధ.

చివరిసారి ఆసుపత్రిలో చేర్చినప్పుడు మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఆ వార్డులో ఉన్నది కొత్త డాక్టరు, చిన్నవాడు, అలిసిపోయి ఉన్నాడు. కాగితాలు తిప్పాడు. ఇన్నిసార్లు చేరాడా అని కనుబొమలు ఎగరేసి, పిన్ని వైపు తిరిగాడు.

"ఇంట్లో వంట ఎవరమ్మా? ఉప్పు..."

బాబాయి చెయ్యి లేచింది. మాస్కు కిందికి లాగేశాడు. "ఆవిణ్ణి... అనకండి." ఊపిరి అందలేదు. మళ్ళీ కూడదీసుకున్నాడు. "మాత్ర... నేనే పారేశా. ఆవిడ ఉప్పు... తనే మానేసింది. నా కోసం. నేను... చెప్పలేదు. అప్పుడు... చెప్పలేదు."

పెదాలు నీలంగా అయిపోయాయి. డాక్టరు గబగబా ముందుకొచ్చాడు. పిన్ని అతనికన్నా ముందే మాస్కు లాగి ఆయన ముక్కు మీద పెట్టి చేత్తో అదిమి పట్టుకుంది.

"ఇప్పుడా చెప్పేది? నోరు మూసుకుని గాలి పీల్చండి ముందు!"

ఆయన కళ్ళతో నవ్వినట్టే ఉంది. ఆమె చెయ్యి తియ్యలేదు.

రెండో రోజు పొద్దున పోయాడు.

అంతా అయిపోయాక ఒకరోజు నేను పిన్ని దగ్గర కూర్చున్నాను. చొక్కా ఒళ్ళో ఉంది, కుట్టడం లేదు. ఆ చివరి మాట గురించి, "ఎంత బాగా చెప్పాడు కదా పిన్నీ, అందరి ముందూ" అన్నాను, ఓదార్పుగా ఉంటుందని.

"బాగానే చెప్పాడు" అంది. "అంత ఊపిరి దాని మీద ఎందుకు పెట్టాడే? దాచుకునుంటే ఇంకో పూట ఉండేవాడేమో. నేనేమన్నా అడిగానా?"

పిన్ని చొక్కా దులిపి మడతపెట్టి పక్కన పెట్టింది. "నేను అప్పట్లో మాట్లాడటం మానేయకుండా ఉండాల్సింది" అంది మళ్ళీ, నాతో కాదు.