అక్క గోడకు ఒక పొలం

ప్రకృతి దృశ్యాల ఫోటోలు తీసేవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. కొండ ఎప్పుడూ "నా ముఖం లావుగా వచ్చింది, మళ్ళీ తియ్యి" అనదు. సరస్సు సరిగ్గా నొక్కే సమయానికి కళ్ళు మూసుకోదు. మనుషుల జోలికి పోకుండా కెమెరాతో కాలక్షేపం చేయాలనుకునేవాడికి ఇంతకంటే అనువైన వ్యాపకం లేదు. ఇక్కడ కెనడాలో, నార్త్ యార్క్‌లో ఒక ఆఫీసులో వారమంతా ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు దిద్ది, శనివారం తెల్లవారుతూండగా కారెక్కి ఉత్తరానికి పోయి, ఏదో ఒక నీటి ఒడ్డున చలికి బిగుసుకుపోయి నిలబడటం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. పెళ్ళి చేసుకోనివాడికి ఏదో ఒకటి ఉండాలి కదా అని చుట్టాలు సర్దుకున్నారు.

మా అక్క సర్దుకోలేదు. అదే నగరంలో ఇంకో మూల, ఎటోబికోలో ఉండేది. నేను ఎంత కష్టపడి తీసిన ఫోటో పంపినా వాట్సాప్‌లో ఆమె జవాబు ఒకటే: "బావుంది. మనిషేడీ?"

ఆమె దృష్టిలో ఫోటో అంటే మనిషి. మనవాళ్ళు నయాగరా ముందు నిలబడి ఫోటో దిగితే నయాగరా కనిపించదు. ఎవరి చెవి పక్కనుంచో కాస్త నురుగు కనిపిస్తుంది. అక్క ఆల్బమ్‌లన్నీ అలాంటివే. కెనడా మొత్తం ఆమె భుజాల వెనకే ఉంది.

ఆ అక్కే మనిషి లేని ఫోటో ఒకటి కావాలని అడిగింది. అప్పటికి ఆమెకు వైద్యం ఆపేశారు.

ఆపేశారు అని ఎవరూ అనలేదు. ఇక ఇంట్లోనే ఉంటే సుఖంగా ఉంటుందన్నారు. మేడమెట్లు ఎక్కలేదు గనక హాల్లో సోఫా పక్కకు జరిపి, అద్దెకు తెచ్చిన ఆసుపత్రి మంచం వేశారు. రోజూ ఒక నర్సు వచ్చి వెళ్ళేది. మంచానికి ఎదురుగా గోడకు టీవీ ఉండేది. రెండు మూడు రోజులు చూసి, అది తీసేయమంది.

"ఎందుకే?" అన్నాడు బావ.

"అందులో వాళ్ళంతా మరీ ఆరోగ్యంగా ఉన్నారు. చూళ్ళేకపోతున్నా."

బావ విమానాశ్రయం దగ్గర ఒక కార్గో గోదాములో సూపర్‌వైజరు. చేతికి పని ఉంటే తప్ప నిలవలేని మనిషి. టీవీ విప్పేసి, ఖాళీ గోడను చూసి కంగారుపడి, పైనుంచి వాళ్ళ పెళ్ళి ఫోటో తెచ్చి, మేకు కొట్టబోయాడు. సరిగ్గా అప్పుడే పక్క వీధి ఆంటీ క్యారేజీతో వచ్చింది. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో, అక్కడ పెట్టకండి. మనుషుల ఫోటో, అంత పెద్దది, మంచానికెదురుగా! ఇప్పుడసలే వద్దు బాబూ."

ఆవిడ ఇంకేమీ చెప్పనక్కర్లేదు. మన ఇళ్ళల్లో హాలు గోడమీద మనిషి ఫోటో పెద్ద ఫ్రేములో కనిపిస్తే, వచ్చినవాళ్ళ కళ్ళు ముందు దండ ఉందా లేదా అని చూస్తాయి. బావ చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. ఫోటోను సోఫా వెనక్కి, ముఖం గోడవైపు తిప్పి పెట్టేశాడు.

"దండ కూడా తేకపోయావా, ఒక పనైపోయేది" అంది అక్క.

బావ వంటింట్లోకి వెళ్ళిపోయాడు. ఆంటీ క్యారేజీ గిన్నెల్ని అవసరానికి మించి చాలాసేపు విప్పింది. అక్క నా వైపు తిరిగింది.

"నీ దగ్గర మనుషుల్లేనివి బోలెడుగా. ఒకటి పట్రా. మంచిది."

ఆ ఒక్క మాటతో నా పరిస్థితి మారిపోయింది. ఆ మంచం మీదనుంచి ఆమెకు కనిపించేవి రెండే: కిటికీలో ఎదురింటి గ్యారేజీ తలుపు, ఈ గోడ. ఇకమీద ఆమెకు దక్కే లోకం అంతే. గ్యారేజీ తలుపు నా చేతిలో లేదు.

మొదట తీసుకెళ్ళింది నా ఫోటోల్లో అందరూ మెచ్చుకున్నది. అక్టోబరు మేపుల్ చెట్లు, ఎరుపూ నారింజా, కింద నీళ్ళలో మళ్ళీ అవే. ఖరీదైన కాగితం మీద పెద్దగా ప్రింటు వేయించాను. అక్క ఒకరోజంతా చూసింది. సాయంత్రం ఫోన్ చేసింది.

"తీసుకెళ్ళిపోరా. పొద్దుట్నించీ అరుస్తూనే ఉంది."

రెండోది రాకీ పర్వతాలు. మంచు శిఖరం, దాని మీద మేఘం. ఆ వారాంతం అక్క కూతురు లండన్‌నుంచి వచ్చి ఉంది, ఇంగ్లండు లండన్ కాదు, మాకు కారులో రెండు గంటల దూరంలో ఉన్న కెనడా లండన్. అక్కడి యూనివర్సిటీలో చదువుతోంది. ఫ్రేము చూసి, "లుక్స్ లైక్ ఎ స్క్రీన్‌సేవర్, మామయ్యా" అంది. తిట్టు కాదు, పరిశీలన. అక్క మాత్రం ఇంకో మాట అడిగింది.

"ఇందులో నేనెక్కడ నిలబడాలిరా?"

"నిలబడటమేంటే?"

"చూస్తున్నానంటే ఎక్కడో ఒకచోట ఉండాలిగా. ఇక్కడ నాకు చోటు లేదు. గాల్లో వేలాడుతున్నట్టుంది."

మూడోది సరస్సు మీద సూర్యాస్తమయం. గోడకెక్కిన గంటకే ఆంటీ వచ్చి, అస్తమయం రోగి గదిలో ఉండకూడదంది. బావ వెంటనే, "ఉదయమండీ, సూర్యోదయం" అన్నాడు. "ఎలా తెలుస్తుంది?" అని ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్న. అందరూ నా వైపు చూశారు.

"ఉదయమే ఆంటీ" అన్నాను. దోమలు కుడుతుంటే సాయంత్రం దాకా కాచుక్కూర్చుని తీసిన ఫోటో అది.

ఆవిడ వెళ్ళాక "దొంగ" అంది అక్క. తర్వాత, "సూర్యుడు అలా ఎదురుగా కూర్చుంటే ఎవరో పలకరించడానికొచ్చి లేవనట్టుందిరా. తీసెయ్" అంది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి నా ఫోటోలన్నీ వేసుకుని చూశాను. వాటిలో తప్పులేం లేవు. ముందు ఒక రాయి, ఆ రాయి దగ్గర్నుంచి కంటిని లోపలికి నడిపించే గీత, ఆకాశానికి మూడోవంతు, వాలు వెలుతురు. మేం నేర్చుకున్నవన్నీ ఉన్నాయి. అయితే ఆ సూత్రాలన్నీ ఫోనుమీద బొటనవేలు జారేలోగా చూసేవాడికోసం తయారైనవి. వాణ్ణి ఒక్క క్షణం ఆపితే మేం గెలిచినట్టు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, మంచం దిగలేని మనిషి ఒకే ఫోటోను చూడాల్సివస్తే అందులో ఏముండాలో ఎవరూ రాసినట్టు లేదు. నాకు తెలిసి అడిగినవాళ్ళూ లేరు.

మర్నాడు అక్కనే అడిగాను. ఏం కావాలి, చెప్పు, వెళ్ళి తీసుకొస్తాను అన్నాను.

కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"దాన్ని లండన్‌లో దింపడానికి వెళ్ళేవాళ్ళం కదా. అది చెవుల్లో ఏవో పెట్టుకుని కూర్చునేది. వుడ్‌స్టాక్ ఊరు దాటాక కుడివైపు ఒక పొలం వస్తుంది. మట్టిదారి ఒకటి మెల్లగా పైకెక్కి, అవతలికి పోతుంది. పక్కన ఒక కరెంటు స్తంభం. అది."

"అక్కడేముంది?"

"ఏం లేదు. ఏవన్నా ఉంటే ఎప్పుడో ఆగేవాళ్ళంగా."

నిజానికి ఆ హైవే మీద ఆపడానికి వీల్లేదు. ఎన్నోసార్లు ఆ పొలం ఆమె పక్కనుంచి వెళ్ళిపోయింది. ఒక్కసారి దిగి నడవాలనుకుందట. ఎవరికీ చెప్పలేదు. మట్టిదారిలో నడవాలనుంది, కారాపండి అని చెప్పడానికి మనింట్లో భాష ఉండదు. చలి, చెప్పులు పాడవుతాయి, ఆలస్యమవుతుంది అని తలో మాట అంటారు.

ఆ శనివారమే వెళ్ళాను. హైవే దిగి, దాని వెంబడి పోయే చిన్న రోడ్డు పట్టుకుని వెతికితే దొరికింది. మొక్కజొన్న కోసేసిన పొలం. మోళ్ళు మాత్రం మిగిలాయి. ఆకాశం అల్యూమినియం మూతలా ఉంది. వెలుతురు ఏ పక్కనుంచీ రావటంలేదు, దేనికీ నీడ లేదు. ఇంకో రోజైతే కారులోంచి కెమెరా బయటికి తీసేవాణ్ణి కాదు. మంచి వెలుతురు కోసం ఎన్ని వారాలైనా ఆగాలన్నది మా కులాచారం. ఇక్కడ వారాలు నావి కావు.

అలవాటు ప్రకారం ముందు చుట్టూ చూద్దామని ఆ దారివెంట పైదాకా నడిచాను. అవతల ఏముందో చూశాను. వెనక్కి వచ్చి, రోడ్డు పక్క మోకాళ్ళమీద కూర్చున్నాను. కారులో కూర్చున్న మనిషి కళ్ళు ఆ ఎత్తులో ఉంటాయి. దారి మొదలు నా కాళ్ళ దగ్గరే ఉండేట్టు పెట్టుకుని తీశాను.

ఇంటికొచ్చి కంప్యూటర్లో వేసి, స్తంభాన్నీ తీగల్నీ చెరిపేశాను. ఆలోచించి చేసిన పని కాదు. తీగలు చెరపడం మాకు పళ్ళు తోముకోవడం లాంటిది.

గోడమీద అది చూడగానే అక్క ముఖంలో ఏదో సడలింది. "అదేరా" అంది. బావ నా వీపు తట్టాడు. ఇంతలో ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"స్తంభమేదీ?"

"తీసేశా."

"తీసెయ్యడమేంటి! ఎందుకు?"

"అడ్డంగా ఉందే."

"ఎవరికి?"

బావ ఫోటో దగ్గరకు వెళ్ళి, స్తంభం ఎక్కడన్నా దాక్కుందేమోనన్నట్టు చూశాడు.

"అదుంటే అక్కడిదాకా వెళ్ళొచ్చులే అనిపిస్తుంది" అంది అక్క. "అది లేకపోతే ఎంతదూరమో ఎలా తెలుస్తుందిరా? ఎంత నడిచినా అక్కడే ఉన్నట్టుంటుంది."

రెండో రోజుకల్లా స్తంభంతో సహా ఇంకో ప్రింటు పట్టుకెళ్ళాను. తీగలు ఫోటోకు అడ్డంగా, కాస్త వేలాడుతూ, నా కళ్ళకు నలకల్లా ఉన్నాయి. నాకు తెలిసి ఆ రోజు అక్క వేరే వైపు చూడలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఒక మార్పు వచ్చింది. అంతవరకూ వచ్చినవాళ్ళందరూ మంచానికి ఎదురుగా కుర్చీ వేసుకుని అక్క ముఖంలోకి చూస్తూ కూర్చునేవారు. ఏం మాట్లాడాలో తెలియక ఆమె గ్లాసు నింపేవారు. ఇప్పుడు ఎదురుగా కూర్చుంటే ఫోటోకు అడ్డం. బావ కుర్చీలన్నీ మంచం పక్కకు మార్చాడు. అందరూ ఒకే వైపు చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టారు, కారులో కూర్చున్నట్టు. అలా కూర్చుంటే మాటలు తేలిగ్గా వస్తాయి. ఆంటీ కూడా ఆ పొలాన్ని తేరిపార చూసి, "పంట కోసేశాక నేల ఊపిరి పీల్చుకుంటుంది" అని, ఆ మాట తనే అన్నందుకు ఆశ్చర్యపోయింది.

ఒకరోజు నేను వెళ్ళేసరికి అక్క గొంతు బాగా సన్నబడి ఉంది.

"ఇవాళ స్తంభం దాకా వెళ్ళి వచ్చా" అంది.

"చెప్పులేసుకున్నావా?" అన్నాడు బావ. మందులిచ్చేటప్పుడు అడిగే గొంతే.

"బూట్లు. బురదగా ఉంది."

"ఒక్కదానివే వెళ్ళావా?"

"నువ్వు వంటింట్లో ఉన్నావుగా."

బావ తల ఊపాడు. ఇంకెప్పుడూ ఆ సమయానికి వంటింట్లో లేడు. నర్సు వచ్చి వెళ్ళాక పక్కన కూర్చునేవాడు. వాళ్ళిద్దరూ ఆ దారి చూసేవాళ్ళు. ఆమె కళ్ళు మూసుకున్నాక కూడా అతను కాసేపు చూసేవాడు.

వెళ్తున్నప్పుడు అక్క నన్ను ఆపింది. "ఒక మాట చెప్పనా? ఇది నువ్వు తీసినట్టు లేదురా."

నా ఫోటోల గురించి ఆమె అన్న మంచి మాట అదొక్కటే. "థాంక్సే" అన్నాను.

తర్వాతి వారం స్తంభం కూడా దాటింది. ఇప్పుడు ఆమె మాటలు దగ్గరికి వంగితే తప్ప వినిపించేవి కావు. నేను వంగాను.

"పైదాకా వచ్చేశా. నువ్వు వెళ్ళావా అక్కడిదాకా?"

"వెళ్ళా."

"అవతల..." అని ఆగింది. చెప్పాలా వద్దా అని నేను తడుముకుంటున్నాను. ఆమె చెయ్యి కొంచెం లేపింది. "చెప్పకు. నువ్వు చెప్తే నీ ఫోటో అయిపోతుంది."

ఆ ఆదివారం మధ్యాహ్నం అక్క పోయింది. బయట మామూలు మంచు కురుస్తోంది. బావ పక్కనే ఉన్నాడు, కూతురు ఇటుపక్క ఉంది. నేను దారిలో ఉన్నాను.

కర్మకాండలన్నీ అయ్యాక, అద్దె మంచం తీసుకెళ్ళడానికి మనుషులు వచ్చి వెళ్ళాక, హాలు చాలా పెద్దదైపోయింది. నేనూ బావా కుర్చీల్లో కూర్చున్నాం. కుర్చీలు ఇంకా గోడవైపే ఉన్నాయి. టీ చల్లారిపోతోంది. బావ అడిగాడు.

"అవతల ఏముందోయ్?"

నేను అతని ముఖం చూశాను. అబద్ధం చెప్పేవాణ్ణే, ఆంటీకి చెప్పినట్టు. కానీ అతను ఫోటోనే చూస్తున్నాడు, వినడానికి సిద్ధంగా.

"రేకుల షెడ్డొకటి. చక్రాల్లేని పాత ట్రాక్టరు."

"ఊఁ."

"తర్వాత ఇంకో పొలం."

"దాని తర్వాత?"

"ఇలాంటిదే ఇంకో మట్టిదారి బావా. అక్కడినుంచి నేను వెనక్కొచ్చేశా."

బావ తల ఊపాడు. కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.