దారం లేని కుట్టు

లాక్‌డౌన్‌లో వీధిచివర కొట్టు మూతపడ్డ మర్నాడే దర్జీ తన కుట్టుమిషన్‌ని ఇంటికి చేర్చాడు. రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన మిషన్, దాని ముందు ఆయన. మొదటి వారం మాస్కులు కుట్టి వాటాలన్నిటికీ పంచాడు. ఆ తర్వాత పని లేదు. మిషన్ చప్పుడు మాత్రం ఆగలేదు.

"ఊరంతా మూసుకున్నా మన దర్జీకి తీరిక లేదు!" అని పైవాటా పెద్దాయన మెట్ల మీంచి కేకేసేవాడు. ఆ మెప్పుకి దర్జీ కాళ్ళు ఇంకా గట్టిగా తొక్కేవి.

రోజూ పదింటికి ఆరోగ్యకేంద్రం నర్సు ఇంటింటికీ ఫోన్ చేసేది. జ్వరం, దగ్గు అయ్యాక చివర్లో అడిగేది: "మనసెలా ఉంది? నిద్ర పడుతోందా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అనేవాడు. ఒకరోజు గొంతు తగ్గించాడు. "మా ఆవిడకే బాగోలేదమ్మా. స్నానాలగదిలో కొళాయి తిప్పుకుని ఏడుస్తోంది. చేతులు వణుకుతున్నాయి."

చెప్పినంతసేపూ హాయిగా ఉంది. తడిసిన చొక్కా పక్కింటివాళ్ళ తీగ మీద ఆరేసి వచ్చినట్టు.

మర్నాడు నర్సు "ఆవిడకివ్వండి" అంది. పడుకుందని చెప్పబోయాడు. చేతులకి సబ్బునురగతో ఆమె అప్పటికే పక్కన నిలబడి ఉంది.

ఫోన్ ఇచ్చి మిషన్ దగ్గర కూర్చుని తొక్కడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు సందుల్లోంచి భార్య గొంతు వినబడుతూనే ఉంది.

"అవునమ్మా, ఏడుస్తాను... కొట్టు మూసిన దగ్గర్నుంచీ... ఆకలా? సగంలో లేచిపోతాను. ఇంకొకళ్ళకి తెలుస్తుందేమోనని అదే భయం."

కాళ్ళు ఆగిపోయాయి. ఆకలి సంగతి తను నర్సుకి చెప్పలేదు. ఆ భయం సంగతి తనకి తనే చెప్పుకోలేదు. ఆమె అప్పజెబుతున్నవి ఆయన కొలతలు, అంగుళం తేడా లేకుండా. ఇరవై ఏళ్ళలో ఒకరి కొలత ఇంకొకరి పేరున రాయని మనిషికి చెవులు కాలిపోయాయి.

ఆమె ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టింది. "రేపు డాక్టరుగారు మాట్లాడతారట. పేరు రాసుకుంటానంటోంది. ఎవరి పేరు చెప్పమంటారు?"

"నీకు... ఎప్పుడు తెలిసింది?"

ఆమె సూది కింది గుడ్డ లాగి కిటికీకి పట్టింది. దారం లేదు. వరసలు వరసలుగా చిల్లులు, ఒక్కో దాంట్లోంచీ ఒక చుక్క వెలుతురు.

"దారం లేకుండా తొక్కితే చప్పుడే వేరు. పదిహేనేళ్ళు మీ పక్కన కూర్చుని కాజాలు కుట్టాను. చెవిటిదాన్ని కాదుగా!"

"అమ్మా, ఉన్నారా?" అంది నర్సు.

ఫోన్ అందుకున్నాడు.

"నర్సమ్మా... నిన్న కొలతలు తప్పు చెప్పాను."

"ఏం కొలతలండీ?"

"ఏడ్చేది మా ఆవిడ కాదు. నేను."

అవతల నవ్వు వినబడుతుందేమోనని చెవి రిక్కించాడు. కాగితం తిప్పిన చప్పుడొచ్చింది. "సరే, మీ పేరు మీదే మొదట్నుంచీ రాద్దాం. చెప్పండి."

చెప్పాడు. భార్య మొహం చూసే ధైర్యం లేక, ఆమె చేతి మీద ఆరిపోతున్న నురగనే చూస్తూ చెప్పాడు.

"కొళాయి సంగతి మర్చిపోకండి" అంది ఆమె మెల్లగా. "రోజూ ట్యాంకు ఖాళీ చేసేస్తున్నారు."

తల వంచుకునే, అదీ చెప్పాడు.