కొండ మీద పాట ఎత్తుకునే వరస

నా చిన్నప్పుడు నేను ఎవరినైనా చూసి కుళ్లుకున్నానంటే అది మా చిన్నాన్న కూతుర్ని చూసే. నా ఈడుదే. బొద్దుగా ఉండేది, నాలుగడుగులు ఎత్తు ఎక్కితే చాలు, ఆయాసం. అయినా ఈస్టరు వచ్చిందంటే కొండ మీద పాట ఎత్తుకునేది అదే.

మాది కమలాపురం దగ్గర పల్లె. ఈస్టరు నాడు చీకటితోనే చర్చివాళ్లమంతా లాంతర్లు పట్టుకుని ఊరి వెనక కొండ ఎక్కేవాళ్లం. నిట్టనిలువు దారి, కాలు పెడితే జారే రాళ్లు, రెండు పక్కలా ముళ్లకంప. కొండ నెత్తిన ముందుగా ఎవరు కాలు పెడితే వాళ్లు పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్లు అందుకోవాలి. అది మా ఊరి ఆనవాయితీ. అందరినీ వరసకట్టి నడిపించే మా అవ్వ ప్రతి ఏడూ దాన్నే ముందు నిలబెట్టేది. మేకపిల్లలా ఎగిరే నన్ను దాని వెనక పెట్టేది. దాని గొంతేమైనా నా గొంతుకన్నా గొప్పదా అంటే అదీ లేదు. దాని మడమలు చూస్తూ, పళ్లు నూరుకుంటూ ఎక్కేదాన్ని.

ఒక ఏడు ఉండబట్టలేక అవ్వనే అడిగేశాను, ఎప్పుడూ దాన్నే ఎందుకు ముందు పెడతావని.

"ఆయాసపడేది ముందుంటే ఎవురూ యెనకబడరు మే," అంది అవ్వ.

నా తలకెక్కలేదు. ఈసారి నేనే ముందు పోతానని మొండికేశాను. అవ్వ కోప్పడలేదు. దారిలోంచి పక్కకు జరిగి, "పో మే. నిన్ను పట్టుకున్నోళ్లు ఎవురు?" అంది.

ఒకటే పరుగు. పైకి చేరేసరికి తూర్పు ఇంకా తెల్లబడలేదు. గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాను. పల్లవి అయిపోయింది, అందుకునేవాళ్లు లేరు. ఆ గాలికి నా గొంతు నాకే సరిగా వినపడలేదు. మళ్లీ మొదలుపెట్టి సగంలో ఆపేశాను.

కింద సగం దారిలో లాంతర్లు ఆగి ఉన్నాయి. దానికి ఆయాసం వచ్చిందని అందరూ కూర్చున్నట్టున్నారు. ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. ఇంతలో ఆకాశం ఎర్రబడింది. అవ్వే చెప్పిందో ఏమో, అది అక్కడే పాట ఎత్తుకుంది. జనమంతా అందుకున్నారు. ఆ పాట వింటూ కొండ నెత్తిన ఒక్కదాన్నే నిలబడి ఏడ్చాను. దాని వెనక నడిచిన ఏళ్లలో కూడా నేను అంతగా కుళ్లుకోలేదు.

వాళ్లు పైకి వచ్చాక అవ్వ నా పక్కన కూలబడి, "ఎట్లుండాది మే పైన?" అంది.

"శానా చలిగా ఉండాదవ్వా," అన్నాను. అవ్వ చీర కొంగు తీసి నా మీద కప్పింది. అదేమో రొప్పుకుంటూ వచ్చి, "నువ్వు పాడింది మాకు ఇనపల్యా. మళ్లా పాడు, నేను అందుకుంటా," అంది. మంచి మనసుతోనే అంది. అందుకే నాకు ఇంకా మండింది. నేను పాడలేదు.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కొండకు వరస కట్టేది నేను. ఆయాసపడేవాళ్లను ముందు పెడతాను. అందరికన్నా ముందు, అరిగిపోయిన మోకాళ్లతో, మా చిన్నాన్న కూతురే. పైకెక్కి ఆమె పాట ఎత్తుకోగానే నా కడుపులో ఆ మంట ఇప్పటికీ రగులుతుంది. రగిలితే రగలనీ అనుకుంటాను. అందరికన్నా ముందు అందుకునేది మాత్రం నేనే.