చిన్నాయన గ్రీకు పిలుపు

విరుదునగర్‌లో మా మనవరాలు కాలేజీ చదువుకోసం పాత గ్రీకు మాటలు వల్లెవేస్తోంది. మొన్న సాయంత్రం నేను బెండకాయలు తరుగుతుంటే, "దెవురో: ఇటు, ఇక్కడికి. దిక్కును తెలిపే అవ్యయం" అని చదివింది. కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. ఆ మాట నాకు కోవిల్‌పట్టిలో మా వీధిలోనే వచ్చింది పిల్లా, అందామనుకున్నాను. మళ్ళీ బెండకాయలు ముందుకు లాక్కున్నాను.

మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, చర్చిలో పాదిరి కావాలని మదురైలో రెండేళ్ళు గ్రీకు బైబిలూ అవీ చదివి, ఒంట్లో బాగోక తిరిగొచ్చి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మేస్త్రీగా చేరాడు. పాదిరి పని రాకపోయినా పాదిరి గొంతు మాత్రం వచ్చింది. "రా అనేదే అక్కర్లేదు పాపా. 'ఇటు' అంటే చాలు, కదిలి రావాల్సిందే. ఒకళ్ళయితే దెవురో, పదిమందయితే దెవుతే" అని మాకు పాఠం. ఆయన వీధిలో నిలబడి దెవుతే అంటే ఆయన పంచే వేరుశనగల కడలమిఠాయి కోసం పిల్లలమంతా, వెనకాలే కోళ్ళూ పరిగెత్తేవాళ్ళం. దెవురో మాత్రం తన ఒక్కగానొక్క కూతురికి.

ఆ కూతురు, నాకు చెల్లెలు, పెద్దయ్యాక వేరే కులం అబ్బాయిని చేసుకుని విరుదునగర్ వెళ్ళిపోయింది. చిన్నాయన ఒక్క తిట్టు తిట్టలేదు. పిలవడం మానేశాడు, అంతే. ఆర్నెల్లకోసారి అది బస్సు దిగి వచ్చి మా వీధి మలుపులో కొళాయి దగ్గర నిలబడేది. పిలవనిదే గడప తొక్కనని దాని పంతం. ఆ తండ్రికి ఆ కూతురే! "దానికి దావ తెలీదా? వచ్చేది రానీ" అని ఈయన అరుగుమీద బిగుసుకు కూర్చునేవాడు. "ఒక్క మాటంటే మీ నోరు అరిగిపోతాదా?" అని పిన్ని ఏడ్చేది. నేను కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని. వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావచ్చు. తండ్రి పిలవాల్సిన పిలుపు, నాకెందుకని ఊరుకున్నాను. ఆ పాపం నాది. చీకటి పడేదాకా చూసి అది మళ్ళీ బస్సెక్కేది. నాలుగేళ్ళు ఇదే తంతు.

ఐదో ఏడు వానల్లో దానికి విషజ్వరం వచ్చింది. ఫోనందుకుని మేము విరుదునగర్ ఆసుపత్రికి చేరేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు. చిన్నాయన మంచం పక్కన నిలబడి, వీధిలో పిలిచే గొంతుతోనే "దెవురో" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "దెవురో, నా తల్లీ. నాయన పిలుస్తా ఉండానమ్మా." వార్డులో వాళ్ళంతా మావైపు తిరిగారు. నర్సమ్మ వచ్చి ఆయన్ని భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆ తర్వాత చిన్నాయన పదకొండేళ్ళు బతికాడు. ఎవర్నీ పిలవలేదు. ఏం కావాలన్నా తనే లేచి వెళ్ళేవాడు. కాలం ఆయనకు పదకొండేళ్ళు ధారాళంగా ఇచ్చింది గానీ, కూతురు వీధి మలుపులో నిలబడ్డ సాయంత్రాల్లో ఒక్కటంటే ఒక్కటి తిరిగి ఇవ్వలేదు.