తాడు మేస్త్రి, ఎర్ర రాళ్ళ దారి

ఆయన్ని అందరూ తాడు మేస్త్రి అనేవారు. నాలుగో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేసిన మనిషి. కూడికలంటే సరే, గుణకారాలంటే తలనొప్పి. అందుకే అడుగుకో ముడి వేసిన తాడొకటి నడుముకి చుట్టుకుని తిరిగేవాడు.

ముప్పై ఏళ్ళుగా ఆయన రాళ్ళు పరిచినవన్నీ వంటిళ్ళూ, స్నానాల గదులూ, ఇళ్ళ వెనక అరుగులే. తన పని నలుగురి కంటా పడాలని ఆయనకో ఆశ. ఇన్నాళ్ళకి గ్రంథాలయం పెరట్లో, గుండ్రటి నీళ్ళ తొట్టి చుట్టూ నాలుగడుగుల వెడల్పు దారి వేసే పని దొరికింది. ఎర్రటి చదును రాతిముక్కలు ఇరవై రెండు గోతాలు దిగాయి. ఒక్కో గోతం పది చదరపుటడుగులకి వస్తుంది.

అంతలో ఇంజినీరమ్మ టేపు చుట్టుకుంటూ వచ్చింది.

"మేస్త్రీ, చిక్కొచ్చిపడింది. బయటి అంచు చుట్టూ అరవై మూడడుగులు. నాలుగుతో గుణిస్తే రెండొందల యాభై రెండు. ఇరవై ఆరు గోతాలు కావాలి. ఆ రాయి తవ్వే గని మూసేశారంట. రాళ్ళ దారి మానేసి, రేపు సిమెంటు పోసేవాళ్ళని పిలిపిస్తాలే."

మేస్త్రి తల గోక్కుంటూ తొట్టికేసీ, బయటి అంచుకేసీ మార్చి మార్చి చూశాడు. పక్కన సిమెంటు కలుపుతున్న భార్య పార ఆపింది.

"ఏమయ్యా, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? చెప్పు!"

"అమ్మా, బయటి అంచు పొడుగే లోపలి అంచుకీ ఉంటుందా? తొట్టి దగ్గర చుట్టు తగ్గిపోద్ది గదా."

"అవును సుమీ! మరెంతని లెక్కేద్దాం?"

మేస్త్రి నడుముకున్న తాడు విప్పాడు. ఒక కొస భార్య చేతికిచ్చి బయటి అంచు మీద నిలబెట్టాడు. తాడు తొట్టి గోడని తాకీ తాకనట్టు బిగించి, అవతల బయటి అంచుదాకా లాగాడు. ముడులు లెక్కపెడితే పదహారు.

"పదహారడుగుల అడ్డుకొలతతో గుండ్రటి అరుగు ఎంతో, ఈ దారీ అంతేనమ్మా. పోయినేడు ఈ రాయితోనే అలాంటి అరుగు వేశాం. ఇరవై గోతాలు పట్టాయి, ఇరవై ఒకటో దాంట్లోంచి ఓ గుప్పెడు తీశాం."

"ఎవరు చెప్పారీ మాట?"

"నాకు పని నేర్పిన పెద్ద మేస్త్రి. తొట్టి కుంచించుకుపోయి చుక్కంత అయిందనుకోండి. అప్పుడీ తాడు గుండ్రానికి నట్టనడుమ పడుతుంది, అంతా దారే. తొట్టి ఎంత పెరిగినా తాడు పదహారే వస్తే రాళ్ళూ అన్నే అనేవాడు."

ఇంజినీరమ్మ సిమెంటు సంచి చింపి, దానిమీద లెక్క మొదలుపెట్టింది. "బయటి గుండ్రం అడ్డుకొలతలో సగం పది, పదిపదులు వంద. తొట్టి అడ్డుకొలతలో సగం ఆరు, ఆరార్లు ముప్పై ఆరు. తీసేస్తే అరవై నాలుగు. తాడులో సగం ఎనిమిది... ఎనిమిదెనిమిదులూ అరవై నాలుగే!" దాన్ని మూడూ ఏడోవంతుతో గుణించింది. రెండొందల ఒకటి, అంటే ఇరవై గోతాల పైన ఓ గుప్పెడు. నెత్తి కొట్టుకుని ఫకాలున నవ్వింది. "వట్టి చుట్టుకొలత నమ్ముకుని నిన్ను వెళ్ళగొట్టేదాన్ని!"

అక్కడికక్కడే ఫోన్ తీసి సిమెంటు వాళ్ళని రావద్దంది.

మేస్త్రి భార్య మూతి తిప్పింది. "ఈయన చదివింది నాలుగే గానీ, ఈయన తాడు మాత్రం డిగ్రీ చదివిందమ్మా."

నాలుగో రోజుకి ఇరవై గోతాలు ఖాళీ అయ్యాయి. ఇరవై ఒకటో గోతంలోంచి ఆఖరి ముక్క ఏరి, భార్యే బొటనవేలితో నొక్కింది. ఎర్రటి దారి తొట్టిని చుట్టేసింది. పుస్తకాలు పట్టుకుని వచ్చేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు.

"మేస్త్రీ, గుమ్మం ముందు అర్ధచంద్రం అరుగు కూడా నువ్వే వెయ్యాలి," అంది ఇంజినీరమ్మ.

"సగమే గదమ్మా, నిండు గుండ్రంలో సగం రాళ్ళు..." అంటూ ఆయన అప్పుడే తాడు విప్పుతున్నాడు.

భార్య అన్నం గిన్నె చేతిలో పెట్టింది. "లెక్క ఎక్కడికీ పారిపోదు. ముందు తిను!"