సాయమ్మ ఉప్పు చూసిన రోజు

మా కొత్తగూడ ఫ్లాట్‌లో నాలుగేళ్లుగా వంట చేస్తున్న సాయమ్మకు ఉప్పు అంచనా తెలియదని నా గట్టి నమ్మకం. ఒకరోజు పప్పు చప్పగా ఉంటుంది, మర్నాడు పులుసు నోట్లో పెట్టలేం. "కాస్త చూసుకుని వేయకూడదా!" అని నేను సణగడం, ఆమె నవ్వి ఊరుకోవడం మామూలే.

ఈ శ్రావణంలో నాకు మూడో నెల. మంచినీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు. ఆదివారం సాయంత్రంలోపు ఏదో ఒకటి తినకపోతే ఆసుపత్రిలో చేరాల్సిందేనంది డాక్టరు. బిడ్డకేమవుతుందోనని ఒకటే బెంగ. ఆ ఆదివారం ఉదయం ఎందుకో, ఆఫీసు పని మీద జర్మనీలో ఉన్న ఏడాది తిన్న బంగాళాదుంపల వేడి సలాడ్ మీదకు మనసు పోయింది.

ఎలా చేయాలో సోఫాలో పడుకునే చెప్పాను. సాయమ్మ ఉడికిన దుంపల్ని అలవాటుగా చన్నీళ్లలో వేయబోతే గట్టిగా అరిచాను. వేడి మీదే ఒలిచి చక్రాలుగా తరగాలి. వేయించిన ఉల్లిపాయలు, వెనిగర్, ఆవపిండి, కూరగాయలు ఉడికిన నీళ్లు కలిపి మరిగించి పోయాలి. అప్పుడే పులుపు లోపలికి దిగుతుంది. పాపం, వేళ్లు కాలుతున్నా ఊదుకుంటూ ఒలిచింది.

"ఉప్పు, పులుపు, తీపి మూడూ సరిపోవాలి సాయమ్మా. నోట్లో వేసుకుని చూడు."

"నేను చూడను రసజ్ఞమ్మా. మీరే చూడుండ్రి."

"నాకు ఏ రుచీ తెలియట్లేదు. తేడా వస్తే మళ్లీ వాంతే!"

ఆమె గరిటె పట్టుకుని తల దించుకుంది. "ఎన్కట మూసాపేటల ఒకరింట్ల చేసిన. ఉప్పు చూస్తుంటె ఆ అమ్మ చూసింది. ఎంగిలి చేసినవని గిన్నెడు పులుసు సింకుల గుమ్మరించింది. అప్పటిసంది ఎవరింట్ల గూడ రుచి చూడలె."

నాలుగేళ్ల నా సణుగుడంతా గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. లేచి వెళ్లి, చెంచాతో ఒక ముక్క తీసి, ఊది, ఆమె నోటికి అందించాను. సాయమ్మ నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనిగర్ ఘాటని సర్దుకుంది.

"జర ఉప్పు పడాలె. శక్కర చిటికెడు."

వేసి, కలిపి, మళ్లీ చూసి గిన్నె ఇచ్చింది. నేను అదే చెంచాతో తిన్నాను. ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇద్దరం గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. అరగంట గడిచినా తిన్నది నిలిచింది. ఆసుపత్రి తప్పింది.

మర్నాడు పొద్దున వంటింట్లోంచి కేక వినిపించింది.

"రసజ్ఞమ్మా, పప్పు చూసిన! మంచిగుంది, లేచి తినుండ్రి!"