బాపురావు ఎడమ చెయ్యి

బోధన్ చుట్టుపక్కల చెరుకు తోటల మీద మందు చల్లే విమానాన్ని బాపురావు పద్దెనిమిదేళ్లు నడిపాడు. ఒక్కసారి కూడా దానికి గీత పడనివ్వలేదు. కందకుర్తి రైతు బిడ్డ. బుద్ధిగా చదువుకోమని హైదరాబాదు పంపితే బేగంపేటలో విమానం నేర్చుకుని వచ్చాడు. తండ్రి ఏడాది పాటు ముఖం చూడలేదు. అలాంటి మనిషికి 1971లో, నలభై మూడేళ్ల వయసులో, కంపెనీ నుంచి కబురొచ్చింది. వచ్చే ఏటి నుంచి విమానాలుండవు, అన్నీ హెలికాప్టర్లే. దసరా దాటాక బెంగళూరులో శిక్షణ. అందులో గట్టెక్కితే సరి, లేకపోతే ఇంటికి.

ఈ మాట వినగానే ఆయన భార్య రేణుకమ్మకు గుండె జారిపోయింది. జీతం గురించి కాదు. ముసురు పట్టి నాలుగు రోజులు విమానం ఎగరకపోతేనే ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుండేవాడు. గాలి మీద తిరిగే దారి పూర్తిగా మూసుకుపోతే ఈ మనిషి దక్కడని ఆమె భయం.

కాలవ కింద పొలం కొని గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ చెన్నకేశవరావు ఒకప్పుడు సైన్యంలో హెలికాప్టర్లు నడిపినవాడు. ఓ సాయంత్రం బాపురావు ఇంటికొచ్చి చాయ్ తాగుతూ ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"కొత్తవాడికి నేర్పడం తేలికండీ బాపురావుగారూ. మీలాంటి తలపండినవాళ్లతోనే చిక్కు. విమానంలో ఇంజను ఆగిందనుకోండి, మీరేం చేస్తారు?"

"కుడి చేతిలున్న కట్టెను ముంగటికి తోస్త. ముక్కు కిందికి దించుత. లేకుంటే రెక్కల మీద నిలవది, పడిపోతది."

"హెలికాప్టర్లో అలా తోశారో, అంతే సంగతులు. మీ ఎడమ పక్కన ఓ లివరుంటుంది. దాన్ని కిందికి దించెయ్యాలి. కుడి చెయ్యి ఓ పిసరు వెనక్కి లాగాలి. ఉండేది ఒక్క సెకను. బుర్రకు అందదు, చెయ్యే చేసుకుపోవాలి."

వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి ఇంకో మాట అన్నాడు. "బెంగళూరు వెళ్లే ముందు ఓ నెల రోజులు విమానం ముట్టుకోకండి. రెండూ కలిపి పెట్టుకోవద్దు."

బాపురావు సెలవు అడిగాడు. తోటలన్నీ పురుగు పట్టి ఉంటే సెలవేమిటని కంపెనీవాళ్లు కసిరారు. రైలెక్కే రోజు దాకా మందు చల్లాల్సిందేనన్నారు. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు విమానమైనా ఎడ్లబండైనా ఒకటే.

వడ్రంగం చేసే వడ్ల ఎర్రన్న ఒక పాత కుర్చీకి మోకాళ్ల మధ్య ఓ కట్టె, ఎడమ పక్కన పైకీ కిందికీ కదిలే ఇంకో కట్టె బిగించి ఇచ్చాడు. రేణుకమ్మ పంతులమ్మ అయింది. వంటింట్లోంచి హఠాత్తుగా "ఇంజన్ బంద్!" అని కేక వేసేది. బాపురావు కుడి చెయ్యి ఠక్కున ముందుకు పోయేది.

"మళ్ల సచ్చిండ్రు," అనేది నవ్వుతూ. "పొద్దుగాల్నుంచి ఇది పదకొండోసారి."

కుర్చీ ఒక్కటే చాలదని ఆమెకు తోచింది. గడ్డం గీసుకుంటున్నా, పేపరు చదువుతున్నా, చెప్పులు తొడుక్కుంటున్నా వదిలేది కాదు. ఆయన ఉలిక్కిపడేవాడు, విసుక్కునేవాడు, మళ్లీ తనే "ఇంకోసారి అనవే" అనేవాడు. నెల తిరిగేసరికి ఓ మధ్యాహ్నం జొన్నరొట్టె తుంచుతుంటే కేక వేసింది. తుంచిన ముక్క నోటిదాకా పోలేదు. ఎడమ చెయ్యి నేలకు దిగింది, కుడి చెయ్యి ఒంటి వైపుకు వచ్చింది. రేణుకమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ పూట పూర్ణం పెట్టి పోలెలు చేసింది. పెళ్లయినాక అంత సంతోషపడిన రోజు లేదు ఆమెకు.

ప్రయాణానికి ఇంకా ఆరు రోజులున్నాయనగా బాపురావు విమానం పడిపోయింది.

చేను చివర తెల్లజెండా పట్టుకుని విమానానికి గుర్తు చూపించే లింబయ్య కళ్లారా చూశాడు. నిజామాబాద్ ఆసుపత్రి వరండాలో విచారణకు వచ్చిన ఆఫీసరుకు చెప్పుకుంటూ ఏడ్చాడు. "తుమ్మచెట్లు దాటినంక ఇంజన్ సప్పుడు ఆగింది సారు. ముంగట వరి మడి ఉంది. ముక్కు వంచి ఆ మడిల దిగుతడనుకున్న. వంచలే. పైకి లేపిండు. లేసి లేసి, బండ పడ్డట్టు పడ్డది."

ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. అంత అనుభవం ఉన్న మనిషి ఇంజను ఆగాక ముక్కు పైకెత్తడమేమిటో ఆయనకు అంతుబట్టలేదు. పక్కనే బల్ల మీద కూర్చున్న రేణుకమ్మకు అర్థమైంది.  కుడి చేతిని తనకు తెలియకుండానే ఒంటి వైపుకు లాగి చూసుకుంది.

బాపురావుకు నడుం విరిగింది. ఇంకో ఆరేళ్లు బతికాడు గానీ మంచం దిగలేదు. విమానం పడిన మూడో రోజు తెలివి వచ్చాక ఆఫీసరు ఎన్ని విధాల అడిగినా "యాదికి లేదు" అన్నాడు తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. ఆఫీసరు 'పైలట్ పొరపాటు' అని రాసుకుని వెళ్లిపోయాడు. రేణుకమ్మ తలుపు దగ్గరికేసి మంచం పక్కన నిలబడింది.

"ఒక్క మాట నిజం జెప్పుండ్రి. గప్పుడు మీ చెయ్యి ఏం జేసింది?"

"వద్దులే రేణుకా."

"నాకు తెల్వాలె. మీకు నా మీద ఒట్టు."

 ఆయన ఆమె వైపు తల తిప్పాడు.

"నువ్వు నేర్పినట్టే జేసింది," అన్నాడు. "ఒక్క సెకను గూడ లేటు జెయ్యలే."

ఆ గొంతులో నింద లేదు. మెచ్చుకోలు ఉంది.